ఎడమ పక్క

మా అమ్మ ఎక్కడుందో నాకు ఖచ్చితంగా తెలుసు. మా ల్యాబు వెనక గదిలో, కిటికీ వైపు మూడో ఇనప బీరువాలో, పైనుంచి అయిదో సొరుగులో, ఎడమ వరసలో పదకొండోది.

నేను చేసే పనేమిటో చెబితేగాని ఈ మాట అర్థం కాదు. ఆపరేషన్ గదిలో మనిషి ఒంట్లోంచి తీసిన ముక్క మా దగ్గరికి సీసాలో వస్తుంది. దాన్ని ఫార్మలిన్‌లో గట్టిపడనిచ్చి, ఆల్కహాలులో తడి తీసేసి, జైలీన్‌లో కడిగి, కరిగిన మైనంలో ముంచి చల్లారుస్తాం. చిన్న సబ్బుబిళ్లలా తయారవుతుంది. దాన్ని బ్లాకు అంటాం. ఆ బ్లాకుని కోత మిషనుకి బిగించి చక్రం తిప్పితే, ఉల్లిపొర కన్నా పల్చటి పొరలు ఒకదాని వెనక ఒకటి రిబ్బనులా వస్తాయి. వాటిని గోరువెచ్చటి నీళ్లమీద వదిలి, గాజుపలక మీదికి ఎత్తి, రంగులు పట్టించి ఇస్తే, పెద్ద డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి అది మంచి గడ్డో చెడ్డ గడ్డో రాస్తుంది. మిగిలిన బ్లాకుని పారెయ్యం. నెంబరు వేసి దాస్తాం. మనిషి పోయినా బ్లాకు ఉంటుంది.

మా అమ్మ పోయి ఇరవై రెండేళ్లయింది.

నాన్న ఇళ్లకు రంగులు వేస్తాడు. మా ఇంటావంటా కాలేజీ గడప తొక్కినవాళ్లలో నేనే మొదటిదాన్ని. అంతకు ముందు ఆ గడపకి రంగు వేసింది మాత్రం నాన్న. డిగ్రీ అయి, ఈ పని నేర్చుకుని, అమ్మకి ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలోనే ఉద్యోగం వచ్చినప్పుడు, నా సర్టిఫికెట్లు ఉన్న రేకుపెట్టెలోంచి, రిపోర్టు కోసం అప్పుడు ఆసుపత్రివాళ్లిచ్చిన పాత చీటీ బయటికి తీశాను. అందులో పెన్సిల్‌తో ఒక నెంబరు ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, భోజనాల వేళ, ఆ నెంబరు వెతికి పట్టుకున్నాను. అప్పట్లో నెంబరుని కాయితం ముక్కమీద రాసి మైనంలోనే అతికించేవారు. మైనం కాస్త పసుపు రంగుకి తిరిగింది. మధ్యలో చిటికెన వేలి గోరంత ముక్క.

ఈ నాలుగేళ్లలో అప్పుడప్పుడు వెళ్లి దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకునేదాన్ని. మైనం ముందు చల్లగా ఉంటుంది. కాసేపటికి చేతి వేడి పట్టుకుంటుంది. అది నా చేతి వేడే, నాకు తెలుసు. అయినా ఆ కాసేపు ఏదో తిరిగి ఇస్తున్నట్టే ఉండేది. మళ్లీ సొరుగులో పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని, పనిలో కూర్చునేదాన్ని.

అమ్మ గురించి నాకు గుర్తున్నది ఎక్కువేం లేదు. గొంతు గుర్తులేదు. ముఖం ఒక్క ఫోటోలో చూసిందే. గుర్తున్నదల్లా ఎడమ పక్క. నేను ఎప్పుడూ అమ్మకి ఎడమవైపు పడుకునేదాన్ని. చెవి ఆనించి పెడితే లోపల ఎవరో నెమ్మదిగా మెట్లెక్కుతున్నట్టు చప్పుడు. ఆ మెట్లు లెక్కపెడుతూ నిద్రపోయేదాన్ని. ఒకరోజు అమ్మ, "అటొద్దు, ఇటు రా" అని నన్ను కుడివైపుకి మార్చేసింది. కొన్నాళ్లకి ఆ కుడివైపు కూడా మా ఇద్దరి మధ్య ఒక దిండు వచ్చింది.

ఆరేళ్ల పిల్లకి ఎవరేం చెబుతారు? నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. గ్లాసు పగలగొట్టినందుకా, పలక పోగొట్టినందుకా అని ఒక్కొక్కటే తలుచుకునేదాన్ని. తర్వాత తెలిసింది, అమ్మకి ఎడమ రొమ్ములో గడ్డ లేచిందని. ఆపరేషన్ చేసి తీశారు. రెండు నెలలకి, వానల్లో, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి అమ్మ పోయింది. గడ్డ లోపలికి వేళ్లు తన్నిందన్నారు చుట్టాలు. నాన్న రిపోర్టు తెచ్చుకోవడానికి వెళ్లనే లేదు. "మనిషే లేనప్పుడు కాయితం ఎందుకమ్మా?" అనేవాడు.

దిండు మాత్రం నా మనసులోంచి తీసినవాళ్లెవరూ లేరు.

మొన్న నోటీసు బోర్డు మీద కాయితం అంటించారు. ఇరవయ్యేళ్లు దాటిన బ్లాకులన్నీ తీసెయ్యాలి, ఇంటివాళ్లెవరైనా అడిగితే సంతకం తీసుకుని ఇవ్వచ్చు. జాబితా రాసే పని నాకూ, రికార్డుల గుమాస్తాకీ పడింది. ఆయన్ని అందరం బాబాయి అనే పిలుస్తాం.

"చూశావా అమ్మడూ, మనుషులకే అద్దె ఇళ్లు దొరకని రోజుల్లో ముక్కలకి సొంత బీరువాలేమిటని పెద్దవాళ్లకి ఇవాళ వెలిగింది" అన్నాడు సొరుగు లాగుతూ. "నేను రిటైరయ్యాక నన్ను కూడా ఇందులో ఒక వరసలో పెట్టమని అడుగుదామనుకున్నా. ఆ దారీ మూసేశారు."

మూడో బీరువా దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. బాబాయి చూశాడు. నేను చెప్పాను. ఆయన ఆ సొరుగు మూసేసి, కళ్లజోడు తుడుచుకుంటూ, "నాలుగేళ్ల నుంచీ భోజనాలప్పుడు ఇటెందుకు వస్తున్నావో అనుకునేవాణ్ణి. నా బిస్కెట్ల డబ్బా మీదే నీ కన్ను అనుకున్నా, పాపిష్టివాణ్ణి" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పాత రిజిస్టరు ఆయనే వెతికి తెచ్చాడు. ఆ పేజీ పట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఆవిడ ల్యాబుకి పెద్ద. నన్ను ఐసమ్మా అంటుంది. కొవ్వు ముక్కలు బాగా చల్లబడితేగాని కోతకి నిలవవు, అందుకని నేను ఎప్పుడు చూసినా ఐసు గిన్నె పట్టుకుని పరిగెడుతుంటాను.

ఆవిడ పేజీ చదివింది. "ఎడమ రొమ్ము గడ్డ. కొవ్వు. మధ్యలో చిన్న రక్తనాళాలు చాలా ఉన్నాయి. అంచు కనబడలేదు. మరిన్ని సెక్షన్లు కోసి చూడాలి." కింద ఏమీ లేదు.

"ఎవరూ రిపోర్టుకి రాలేదు, వీళ్లూ వదిలేశారు" అంది. "అప్పటి స్లైడ్లు?"

"గోదాంలో నీళ్లు చేరిన ఏడాది పోయాయి మేడం. బ్లాకు ఒక్కటే ఉంది."

ఆవిడ పెన్ను మూత పెట్టి నావైపు తిరిగింది. "చూడమ్మా. రొమ్ములో ఉత్త కొవ్వుగడ్డ అయితే ఏ భయమూ లేదు. కొవ్వులో రక్తనాళాలు కలిసినా చాలాసార్లు మంచిదే. కానీ రొమ్ములో రక్తనాళాల గడ్డ అనగానే మేం ఒకటికి రెండుసార్లు చూస్తాం. మంచి నాళాలు బుద్ధిమంతులైన కాపురాల్లా ఎవరి గోడలు వాళ్లకి ఉంచుకుంటాయి. చెడ్డవి ఒకదాని ఇంట్లోకి ఒకటి దూరి, హద్దు లేకుండా పాకుతాయి. ఏదో తెలియాలంటే అంచు దొరకాలి. అంచు దొరకాలంటే లోతుకి కోస్తూ పోవాలి."

"అంటే బ్లాకు..."

"గోరంత ముక్క. అప్పట్లోనే సగం కోసేశారు. అంచు దొరికేసరికి మిగలకపోవచ్చు." పేజీ నావైపు జరుపుతూ అంది, "ఊరికే ఇంటికి తీసుకెళతానంటే ఇవాళే సంతకం పెడతాను. నీ ఇష్టం."

ఇంటికి వెళ్లేసరికి నాన్న పెరటి మెట్టుమీద కూర్చుని టర్పెంటైన్‌లో బ్రష్షులు కడుగుతున్నాడు. ఆయన దగ్గర టర్పెంటైన్ వాసన, నా దగ్గర జైలీన్ వాసన. ఇద్దరం ఒకే డబ్బాలోంచి వచ్చామని పక్కింటావిడ వేళాకోళం చేస్తుంది. విషయం చెప్పాను. అమ్మ ముక్క ఒకటి ఇంకా ఉందన్నది ఆయనకి అప్పుడే తెలిసింది. చేతిలో బ్రష్షు డబ్బాలోకి జారిపోయింది. చాలాసేపు వెతికాడు.

"నాలుగేళ్లు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు బాధపడతావని."

"కొయ్యద్దు" అన్నాడు. "తెచ్చేసెయ్. ఇంట్లో పెట్టుకుందాం."

"అమ్మకి ఏమైందో తెలుస్తుంది కదా నాన్నా."

"తెలిసి? పాత తలుపు కింద ఏ రంగుందో చూద్దామని గోకినవాడు ఎప్పుడైనా తలుపు మిగిల్చాడా? నా మాట విను. పిట్టంత ముక్క, ఉంచుకుందాం." ఆయన నావైపు చూడలేదు. "ఇప్పుడు తెలిసినా ఎవరికి మంచిది?"

నేను నాన్న మాట కాదన్నది అంతకు ముందు ఒక్కసారే. పెళ్లిచూపులు మానేసి పరీక్షకి వెళ్లినప్పుడు. ఈసారి రెండు రోజులు ఆలోచించాను. ఉంచుకుంటే నా గుప్పిట్లో ఒక బిళ్ల ఉంటుంది. దాన్ని వెచ్చబెడుతూనే ఉంటాను, దిండు గురించి అడుగుతూనే ఉంటాను, అది ఎప్పటికీ చెప్పదు. కోస్తే చెబుతుంది, కానీ మళ్లీ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మా పనిలో ఇంకో దారి లేదు. చూడాలంటే తరగాలి.

మూడో రోజు పొద్దున్న బ్లాకు తెచ్చి ఐసు మీద పెట్టాను. ఒకసారి కోసిన బ్లాకుని మళ్లీ బిగించినప్పుడు, దాని ముఖం కత్తికి సరిగ్గా ఎదురుగా వచ్చేలా మరలు తిప్పి, వెంట్రుకవాసి మందంతో మొదలుపెట్టాలి. కొత్త బ్లాకులకైతే పైనున్న మైనం పోవడానికి ముందు మందంగా చెక్కుతాం. నేను మరలు సరిచూశాను. బ్రష్షు సరిచూశాను. నీళ్ల వేడి సరిచూశాను. బ్లాకు మీదికి వంగి నోటి ఆవిరి పట్టాను. పొడిగా ఉంటే పొర చిట్లుతుంది, అందుకని అందరం అలాగే చేస్తాం. రోజుకి వందసార్లు చేస్తాను. ఆ రోజు మాత్రం, అమ్మ ముఖంలోకి ఊపిరి వదులుతున్నట్టనిపించి ఒక్క క్షణం కళ్లు మసకబారాయి.

ఆ మసకలోనే చక్రం తిప్పాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. రిబ్బను రాలేదు. తెల్లటి చుట్టలు గరగరమంటూ కింద పళ్లెంలో పడ్డాయి. అయిదోదానికి నా చెయ్యి తెలుసుకుంది. ఎంత మందంగా కొయ్యాలో చెప్పే మిషను అంకె ఇంకా చెక్కుడు దగ్గరే ఉంది. ముందు రోజు సాయంత్రం కొత్త బ్లాకులు చెక్కింది నేనే, అంకె మార్చకుండా వెళ్లింది నేనే. చేరిన వారం నుంచి చెయ్యని తప్పు. కొత్తవాళ్లకి నేనే చెప్పే పాఠం: ముందు అంకె చూడు, తర్వాత బ్లాకు చూడు. నేను బ్లాకునే చూశాను.

గోరంత ముక్కలో మూడో వంతు చెత్తపళ్లెంలో ఉంది.

అరిచానో లేదో నాకు గుర్తులేదు. డాక్టరమ్మ వచ్చి నిలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. బ్లాకుని వెలుతురుకి పెట్టి చూసి, "ఇంకా ఉంది. అంకె మార్చు. చల్లబెట్టు. మళ్లీ ఆవిరి పట్టు" అంది. "నేను కోస్తానులే అని అనడం లేదు చూశావా? ఈ ల్యాబులో కొవ్వుని నీకన్నా బాగా కోసేవాళ్లు లేరు."

అంకె మార్చాను, చల్లబెట్టాను, ఆవిరి పట్టాను. పొరమీద పొర వచ్చింది. కొవ్వు పొర గోరువెచ్చటి నీళ్లు తగలగానే చీర కుచ్చిళ్లు విప్పినట్టు విచ్చుకుంటుంది. ఆ క్షణంలోనే ఎత్తాలి, లేకపోతే చెదిరిపోతుంది. ఒక్కటి కూడా చెదరలేదు. ఇరవై ఆరు పలకలు. ఇరవై ఏడో దానికి ఉత్త మైనమే వచ్చింది. మిషనులో నెంబరు చీటీ, పల్చటి మైనపు ముక్క మిగిలాయి.

రంగులు పట్టించి, ఆరబెట్టి, పళ్లెంలో పేర్చి ఇచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ ఒక్కొక్కటే చూస్తూ పోయింది. నేను ఆవిడ పక్కన నిలబడి, పలకలు మారుతున్న చప్పుడు లెక్కపెట్టుకున్నాను. పందొమ్మిదో పలక దగ్గర ఆగింది.

"రా. కూర్చో. చూడు."

చూశాను. ముందు కనిపించింది వల లాంటిది, తెల్లటి ఖాళీ గదులు, గదికీ గదికీ మధ్య సన్నటి గులాబీ గోడ. కొవ్వు అలాగే కనిపిస్తుంది. పక్కన, పల్చటి పొర, కట్టిన హద్దులా వంపు తిరిగి ఉంది. అంచు. ఆ అంచు లోపల, దాని కిందే, సన్నటి రక్తనాళాలు గుంపులు గుంపులుగా. ఏ ఒక్కటీ ఇంకోదాని ఇంట్లోకి దూరలేదు. కొన్నిటిలో చిన్న గులాబీ బిరడాలు. మిగతా వాటినిండా ఎర్రటి చుక్కలు.

"రక్తనాళాలు కలిసిన కొవ్వుగడ్డ. నెత్తురు గడ్డకట్టిన ఆ బిరడాలు చూశావుగా, దీని గుర్తే అది. తీసేశారు, అయిపోయింది. దీనికీ మీ అమ్మ పోవడానికీ ఏ సంబంధమూ లేదు. పాపం, ఆ జ్వరం జ్వరమే." ఆవిడ గొంతు తగ్గించింది. "ఎవరికీ ఏమీ చెయ్యని గడ్డమ్మా ఇది."

నేను తల ఎత్తలేదు. కొవ్వు గదులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో నాకు తెలుసు. ఆల్కహాలూ జైలీనూ కొవ్వుని కరిగించి తీసుకుపోతాయి. మేం చూసేది అది ఉండి వెళ్లిన చోటునే. కానీ రక్తం పోదు. ఇరవై రెండేళ్ల కిందట ఆ ఎడమ పక్కలో ఆ మెట్ల చప్పుడుతో తిరిగిన రక్తం, నాళంలో ఎక్కడిదక్కడే ఉంది.

నాన్నకి ఫోన్ చేశాను. పక్క వీధిలోనే పని, చేతులకి నీలం రంగు మరకలతో, బ్రష్షుల సంచితో వచ్చాడు. కోసేశానని చెప్పాను. అంకె మార్చడం మర్చిపోయి మూడో వంతు పాడు చేశానని కూడా చెప్పాను.  డాక్టరమ్మ తన కుర్చీ ఖాళీ చేసి, "రండి, కూర్చోండి" అంది.

ఒక కన్ను మూసి, ముక్కు గొట్టానికి ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏం కనిపిస్తోంది నాన్నా?"

"నా కనురెప్పలు. బాగానే ఉన్నాయి."

డాక్టరమ్మ నవ్వి మరలు సర్ది, కొంచెం వెనక్కి జరగమంది. ఆయన జరిగాడు. కదలడం మానేశాడు.

"ఈ ఖాళీలేంటి?"

"అక్కడ కొవ్వు ఉండేది. మేం కడిగినప్పుడు కరిగి పోతుంది."

"అవును మరి. టర్పెంటైన్ పోస్తే జిడ్డు నిలుస్తుందా?" కన్ను తియ్యకుండానే, "ఎర్రటివి?"

"రక్తం. అమ్మది."

ఆయన చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. డాక్టరమ్మ పని ఉన్నట్టు బయటికి వెళ్లింది. చెడ్డ గడ్డ కాదు నాన్నా, ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చానన్న బాధ నువ్వు పెట్టుకోనక్కర్లేదు అని, ఎప్పటికైనా చెప్పగలిగితే బాగుండునని ఇన్నాళ్లూ అనుకున్న మాట చెప్పాను. ఆయన ముఖం తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

"అయితే అంటుకునేది కూడా కాదన్నమాట" అన్నాడు.

"ఏ గడ్డా అంటుకోదు నాన్నా. చెడ్డదైనా అంటుకోదు."

ఆయన మైక్రోస్కోపు వదిలి లేచాడు. వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"మా మేస్త్రి చెప్పాడు" అన్నాడు తన చేతులకే చెబుతున్నట్టు. "వాళ్ల పిన్నికి రొమ్ములో గడ్డ వస్తే, పక్కన పడుకున్న కూతురికి కూడా వచ్చిందట. నేను నమ్మాను. పిల్లని అటు పడుకోబెట్టుకోవద్దన్నది నేనే. మీ అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. దిండు పెట్టింది కూడా నేనే. నువ్వు నిద్రపోయాక మీ అమ్మ దాన్ని తీసేసేది. నాకు మెలకువ వస్తే మళ్లీ పెట్టేవాణ్ణి." వేలిమీది నీలం మరకని గోటితో గీకాడు. "ఒక్కోసారి రెండు మూడుసార్లు."

నాకు కోపం రావాల్సినంత వచ్చింది. నాలుగు నెలలు, గ్లాసులూ పలకలూ లెక్కపెట్టుకుంటూ ఆ దిండుకి అవతల పడుకున్నాను. "ఇన్నేళ్లు చెప్పలేదేం?" అన్నాను. అది ఆయన నన్నడిగిన మాటే.

"చెబితే నువ్వు..." అని ఆగిపోయాడు.

లోపలికి వెళ్లాను. పలకలు ల్యాబువి, వాటిని ముట్టుకోకూడదు. బ్లాకు అయిపోయింది. పొద్దున్న నేను పాడుచేసిన మైనపు చుట్టలు మాత్రం పళ్లెంలో ఇంకా ఉన్నాయి. అవి ఏ లెక్కలోనూ రానివి, సాయంత్రం ఊడ్చి పారేసేవి. బ్రష్షుతో ఒక్కొక్కటే తీసి చిన్న గాజుగొట్టంలో వేశాను. అవి వంకర తిరిగి, చుట్టుకుని, పనికిరానివిగా ఉన్నాయి. బాబాయి అటుగా వెళుతూ చూశాడు. మూత ఒకటి తెచ్చి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

గొట్టం పట్టుకుని వరండాలోకి వచ్చాను. నాన్న అలాగే కూర్చుని ఉన్నాడు. కుడివైపు బెంచీ ఖాళీగా ఉంది. ఎడమవైపు ఆయన బ్రష్షుల సంచి ఉంది. నేను ఎడమవైపే వెళ్లి నిలబడ్డాను.

ఆయన నావైపు చూశాడు. సంచి తీసి కుడివైపు పెట్టాడు.

కూర్చున్నాను. గొట్టాన్ని ఆయన చేతిలో పెట్టి, నీలం మరకల వేళ్లు దాని చుట్టూ మూశాను. "గట్టిగా పట్టుకోకు. కాసేపటికి వెచ్చబడుతుంది" అన్నాను.